వేట బాణానికి ఈకలు, విజయవాడ డైనింగ్ టేబుల్ మీద

విస్కాన్సిన్‌లో మా అబ్బాయి విల్లు పట్టుకుని జింకల వేటకు వెళ్తాడని విజయవాడలో చెప్పడం అంత తేలిక కాదు. మా అమ్మకు ఆదివారం కోడికూర లేనిదే ముద్ద దిగదు. అయినా "జింకనా? పాపం రా నాన్నా" అంది. "మరి కోడి పాపం కాదా అమ్మమ్మా?" అన్నాడు వాడు. "కోడి వేరు, జింక వేరు" అని తేల్చేసింది. అక్కడ జింకలు మరీ పెరిగిపోకుండా ప్రభుత్వమే సీజన్ పెట్టి లైసెన్సులు ఇస్తుందని చెప్పినా ఆవిడ చెవిన పడలేదు. ఇక్కడేమో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడితే జైలే. ఈ సంగతి మావాడికి అప్పుడే తెలిసింది.

వేట మంచిదా చెడ్డదా అనే వాదనలోకి నేను దిగను. నా షరతు ఒకటే: బాణాలు వాడే సరిచేసుకోవాలి, ఈక ఊగుతున్న బాణం విల్లుకు ఎక్కించకూడదు. గురి తప్పితే జింక చావదు, గాయంతో ఏ పొదల్లోనో పడి నరకం చూస్తుంది. దానికి మాత్రం నేను ఒప్పుకోను.

విల్లు విషయంలో విజయవాడ మావాడికి కొత్త ఊరేమీ కాదు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన జ్యోతి సురేఖ, పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన ధీరజ్ బొమ్మదేవర ఇద్దరూ ఈ ఊరివాళ్లే. మా అన్నయ్య కొడుకు కూడా విలువిద్య నేర్చుకుంటున్నాడు, రికర్వ్ విల్లు (కొసలు ముందుకు వంగి ఉండే రకం). బావాబామ్మర్దులిద్దరూ కలవగానే మొదలైన గొడవ బాణం తోక గురించే.

మా మేనల్లుడి బాణానికి సన్నగా, చుట్ట తిరిగినట్టుండే ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. వాటిని రెండువైపులా అంటుకునే టేపుతో అతికిస్తాడు. "ఊడితే నిమిషంలో ఇంకోటి పెట్టేస్తా" అంటాడు. 70 మీటర్ల దూరంలోని టార్గెట్‌కు తేలికైన బాణమే కావాలి, దాని ముందు మొన కూడా నున్నగా ఉంటుంది. మావాడి వేట బాణానికి ముందున్నది బ్లేడు. ఆ బ్లేడు గాలిని పట్టి బాణాన్ని పక్కకు లాగుతుంది. దాన్ని అదుపు చేయాలంటే వెనక వేన్లు, అంటే ఈకల బదులు అతికించే ప్లాస్టిక్ రెక్కలు, ఎత్తుగా, గట్టిగా, కాస్త మెలికతో ఉండాలి. మెలిక ఉంటే బాణం తిరుగుతూ నిలకడగా పోతుంది. "అడవిలో టేపు ఊడితే ఎవరు పెడతారు?" అన్నది మావాడి ప్రశ్న. నాకు అందులో న్యాయం కనిపించింది.

బ్లేడు మొనలు విస్కాన్సిన్‌లోనే వదిలేసి, మొనల్లేని బాణం కాడలు, వేన్లు, వేన్‌ను సరైన చోట పట్టి ఉంచే జిగ్ అనే బిగింపు తెచ్చుకున్నాడు. మే నెల బెజవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. ఫ్యాన్ కింద కూర్చుని పని మొదలుపెట్టాడు. పాత జిగురును మొద్దు చాకుతో గీకడం మొదటి పని. పదును చాకు వాడితే కార్బన్ కాడ మీద గాట్లు పడతాయి, గాటు పడ్డ కాడ విల్లు వదిలే దెబ్బకు విరిగి చేతిలో దిగే ప్రమాదం ఉంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, గుడ్డకు నలుపు అంటనంత వరకు తుడవాలి. ఆపైన కాడనీ వేన్ అడుగునీ వేలితో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు చాలు జిగురు పట్టకపోవడానికి. వేన్‌ను బిగింపులో పెట్టి, అడుగున దారమంత సన్నగా జిగురు గీసి, కాడకు నొక్కి ఉంచాలి. జిగురు ఎక్కువైతే బలం పెరగదు, పక్కలకు కారుతుంది. మూడు వేన్లూ 120 డిగ్రీల ఎడంలో, ఒకటి వేరే రంగు. చివరగా ప్రతి వేన్‌కూ ముందు కొసన ఒక చుక్క, వెనక కొసన ఒక చుక్క. ఊడటం ఎక్కువగా ముందు కొసనుంచే మొదలవుతుంది, ఆ చుక్కే బాణానికి ఆయుష్షు.

ఒక తేడా వాడే గమనించాడు. వాడు వాడేది సూపర్‌గ్లూ రకం జిగురు, అది గాలిలో తేమతో గట్టిపడుతుంది. విస్కాన్సిన్ చలికాలంలో హీటర్ గాలికి ఆలస్యంగా పట్టేది, ఇక్కడ నొక్కీ నొక్కకముందే పట్టేస్తోంది. అయితే మూత తీసి ఉంచితే సీసాలోదీ అంత త్వరగానూ చిక్కబడుతుంది.

అమ్మ మాత్రం ఈకలు కాకుండా ప్లాస్టిక్ ఏమిటంది. మహాభారతంలో కొంగ ఈకలూ రాబందు ఈకలూ కట్టిన బాణాలున్నాయని చెప్పింది. మావాడికి డేగ ఈకల మీద మనసు పడింది. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం డేగ ఈక దొరికినా దాచుకోకూడదని చెప్తే మొహం మాడ్చుకున్నాడు. చివరికి టర్కీ కోడి ఈకలకు ఒప్పుకున్నాడు, అవి వాడి చెక్క విల్లుకు బాగుంటాయి. నలిగిపోయిన ఈకను ఆవిరి పట్టిస్తే మళ్లీ నిలబడుతుందని అంటే, పొద్దున ఇడ్లీ పాత్ర మూత ఎత్తి అమ్మే చూపించమంది. నిలబడింది.

ఇంద్రకీలాద్రి మీద అర్జునుడి కథ కూడా చెప్పింది. అడవిపందికి అర్జునుడి బాణమూ, బోయవాడి వేషంలో ఉన్న శివుడి బాణమూ ఒకేసారి తగిలి తగువైందంటే, "ఈక రంగు చూస్తే ఎవరిదో తెలిసిపోదా?" అన్నాడు. "రెండు రంగులూ ఆయనవే రా" అంది.

తడి మంచులో ఈక అణిగిపోతుంది, అందుకే వేటకు వేన్లే. తిరుగు ప్రయాణంలో మేనల్లుడి దగ్గర ఒక టేపు చుట్ట కూడా అడిగి తెచ్చుకున్నాడు. టార్గెట్ బాణాలకు మాత్రమేనట.