ఎర్త్ లేని ఇంట్లో కరెంటు కారు

మా అత్తగారింట్లో ఫ్రిజ్ తలుపు తీయాలంటే ముందు రబ్బరు చెప్పులు వేసుకోవాలి. వాటిని ఫ్రిజ్ ముందే ఉంచుతారు. కొత్త అల్లుడిగా వెళ్లిన రోజే మా ఆవిడ నాకు చెప్పిన మొదటి జాగ్రత్త అది. కరెంటు కారు కొనేదాకా ఆ చెప్పుల గురించి నేను మళ్లీ ఆలోచించలేదు.

కూకట్‌పల్లిలో మాది అపార్ట్‌మెంట్. కారు బుక్ చేయడానికి అరగంట పట్టింది. పార్కింగ్‌లో ప్లగ్ పెట్టించుకోవడానికి నెలన్నర పట్టింది. అసోసియేషన్ మీటింగ్‌లో రెండే అభ్యంతరాలు వచ్చాయి: బిల్లు కామన్ మీటర్‌కి పడుతుందేమో, నిప్పంటుకుంటే పూచీ ఎవరిది? మొదటిది తేలిగ్గానే తేలింది. ఫ్లాట్ల మీటర్లన్నీ సెల్లార్‌లోనే ఉన్నాయి, మా మీటర్ నుంచి నా స్తంభం దాకా విడిగా వైరు లాగితే సరి. రెండోదానికి ఎలక్ట్రీషియన్‌నే మీటింగ్‌కి తీసుకెళ్లాను. ఆయన వాళ్లకు చెప్పింది నాకూ పాఠమే. "గీజర్ అరగంటలో ఆగిపోతుంది సార్. ఈ కారు రాత్రంతా ఏకబిగిన లాగుతుంది. సన్న వైరు వేస్తే వేడెక్కి తొడుగు కరిగిపోతుంది." 4 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్లు) రాగి వైరు, విడిగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్), 15 ఆంప్స్ సాకెట్, దానికి తాళం వేసే పెట్టె. అన్నీ అయ్యాక ఎర్త్‌ని, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే మూడో వైరుని, రెండుసార్లు చూసుకున్నాడు. "ఇది సరిగా లేకపోతే మీ చార్జర్ ఎర్ర లైటు వేసి కూర్చుంటుంది. ఒక్క యూనిట్ కూడా ఎక్కదు."

ఊళ్లో తిరగడానికి ఇంతకంటే సుఖమైన బండి లేదు. బ్యాటరీ 30 యూనిట్లు. కాగితం మీద 300 కిలోమీటర్లు దాటుతుంది గానీ, నా కాలికి, హైదరాబాద్ ట్రాఫిక్‌కి, ఏసీకి కలిపి 200 వస్తుంది. వారానికి రెండు రాత్రులు ప్లగ్ పెడితే చాలు. నా స్లాబులో యూనిట్ 9 రూపాయలు. మధ్యలో పోయేదంతా కలుపుకున్నా ఫుల్ చార్జ్ 300 దాటదు. పెట్రోల్ బంక్ మొహం చూసి చాలా కాలమైంది. (గాలి పట్టించుకోవడానికి మాత్రం వెళ్తున్నాను, అక్కడి కుర్రాడు నన్ను అదోలా చూస్తాడు.)

మే నెలలో మామయ్యగారి షష్టిపూర్తి వచ్చింది. గుడివాడ దాటాక వాళ్ల ఊరు. "బస్సులో పోదాం" అంది మా ఆవిడ. నేనే పట్టుబట్టాను.

తెల్లవారుజామున నాలుగున్నరకి 100 శాతంతో బయల్దేరాం. వేగం 80 దాటించలేదు. హైవే మీద 100లో పోతే బ్యాటరీ ఎలా కరుగుతుందో అంతకుముందే ఒకసారి చూశాను. పంతంగి టోల్, కొర్లపహాడ్ టోల్ దాటి సూర్యాపేట చేరేసరికి 24 శాతం ఉంది. యాప్‌లో చార్జర్ ఖాళీగా ఉందని పచ్చగా చూపిస్తోంది. వెళ్లి చూస్తే నిజంగానే ఖాళీ: స్క్రీన్ కూడా చీకటిగానే ఉంది. వాచ్‌మన్‌ని అడిగితే "మొన్నటి గాలివానకు పోయింది సార్" అన్నాడు. ముందున్న కోదాడ దాకా 45 కిలోమీటర్లు. లెక్కప్రకారం చేరతాం, కానీ అక్కడిదీ ఇలాగే ఉంటే? అక్కడే కొంచెం ముందుకెళ్తే ఒక హోటల్ ఆవరణలో ఇంకో మెషిన్ దొరికింది. అప్పటికే దానికో కారు తగిలించి ఉంది. ఓనర్ లోపల పెసరట్టు తింటున్నాడు. 82 శాతం అయింది, ఇంకా లేవడం లేదు. 80 దాటాక చార్జింగ్ నత్తనడకే. ఆఖరి 20 శాతానికి పట్టే టైమ్‌లో వెనకవాడి సగం పని అయిపోతుంది. పోయి మెల్లగా అడిగాను. పాపం మంచివాడే, చెయ్యి కడుక్కుని వచ్చి తీసేశాడు. నేను 80కి తెచ్చుకోవడానికి 50 నిమిషాలు పట్టింది. యూనిట్ 20 రూపాయల పైనే. ఇంటితో పోలిస్తే రెండింతల మాట.

విజయవాడలో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది, పిల్లలు విసిగిపోయారు. గొల్లపూడి దగ్గర 20 నిమిషాలు ఆగి 36 శాతం చేసుకున్నాను. మిగతాది మామయ్యగారింట్లో పెట్టుకుందాంలే అనుకున్నాను. నేను చేసిన తప్పు అదే.

13 శాతంతో ఊరు చేరాం. కాఫీ కూడా తాగకుండా వరండాలో ఉన్న సాకెట్‌కి చార్జర్ తగిలించాను. ఎర్ర లైటు. వంటింట్లో పెట్టాను. ఎర్ర లైటు. మోటార్ దగ్గరా అంతే. మామయ్యగారు నా వెనకే తిరుగుతూ ఆఖరికి అన్నారు, "అల్లుడుగారూ, ఇల్లు కట్టినప్పుడు రెండు వైర్లే లాగించామండీ. ఆ మూడో కన్నం ప్లగ్గుకి అందం కోసం అనుకున్నాం."

మా బావమరిది ఫోన్ చేస్తే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. చూసి, "రెండు నిమిషాల పనండీ. న్యూట్రల్ నుంచి మూడో పిన్నుకి చిన్న ముక్క వేసేస్తే మీ లైటు పచ్చగా మారిపోద్ది" అన్నాడు. మారుతుంది కూడా. చార్జర్ మోసపోతుంది. కానీ వెనక ఎక్కడైనా న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) తెగితే కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. ఆ బండి చుట్టూ ఆడుకునేది నా పిల్లలు, షష్టిపూర్తికి వచ్చిన ఇరవై మంది పిల్లలు. వద్దన్నాను. "అయితే గుంత తవ్వాలండి" అన్నాడు, కాస్త చిన్నబుచ్చుకుని.

మర్నాడు పెరట్లో, అరటిచెట్ల పక్కన గుంత తవ్వారు. జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప గొట్టం) దించి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు. అత్తయ్యగారు ఆవకాయ కోసం తెప్పించిన కల్లుప్పు బస్తాలోంచి సగం అందులోకే పోయింది. ఆవిడ ఏమీ అనలేదు గానీ బస్తా మూతి గట్టిగా బిగించి కట్టేశారు. పైపు నిండా నీళ్లు పోశాక, ఫేజ్‌కీ (కరెంటు వచ్చే వైరుకీ) ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూపించాడు. ఫుల్లుగా వెలిగింది. వరండా సాకెట్‌కి మీటర్ దగ్గర నుంచి కొత్త లావు వైర్లు, ఆ గుంత నుంచి ఎర్త్ వైరు.

సాయంత్రం పెడితే ఈసారి వోల్టేజ్ లేదు. ఊరంతా ఏసీలు వేసే వేళ. రాత్రి పదకొండింటికి మళ్లీ పెట్టాను. పచ్చ లైటు వచ్చింది. మామయ్యగారు మడతకుర్చీ తెచ్చి దాని పక్కనే వేసుకుని కూర్చున్నారు, ఎందుకో నాకు తెలియదు. పొద్దున ఎనిమిదిన్నరకి 100.

ఎలక్ట్రీషియన్ డబ్బులు తీసుకుంటూ, ఎలాగూ వైరు మిగిలింది కదాని గోడ అవతల ఉన్న ఫ్రిజ్ ప్లగ్గుకి కూడా ఎర్త్ కలిపి వెళ్లాడు. మేం తిరిగి బయల్దేరేటప్పుడు దారికి మజ్జిగ సీసాలిద్దామని అత్తయ్యగారు వంటింట్లోకి వెళ్లారు. అలవాటుగా కాళ్లతో చెప్పులు వెతుక్కున్నారు. వాటిని అప్పటికే మా చిన్నవాడు వేసుకుని కారు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ కాసేపు ఆగి, చీరకొంగు చేతికి చుట్టుకుని, ఒక్క వేలితో తలుపు తాకి చూశారు.