మినిట్స్ రాసే పని ఎవరిది?

ఇరవై ఏళ్ల క్రితం నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకు అప్పగించిన మొదటి పని సమావేశాల మినిట్స్, అంటే ఎవరేమన్నారో, ఏమి తేలిందో రాసి ఉంచే నివేదిక, రాయడం. ఎవరికీ ఇష్టం లేని పని కనుక కొత్తగా చేరినవారి నెత్తిన పడేది. నేను మూడు పేజీలు రాసి తీసుకువెళితే మా పై అధికారి ఎర్ర సిరాతో రెండు పేజీలు కొట్టేసి, మిగిలిన పేజీలో ఒక్క వాక్యం కింద గీత గీసి, "ఆయన ఒప్పుకున్నారని రాశావు. ఒప్పుకోలేదయ్యా, మాట దాటేశారు" అనేవారు. ఎవరి మాటకు ఎంత బరువుందో, ఎవరి మౌనానికి ఏమి అర్థమో ఆ కొట్టివేతల్లోనే నాకు తెలిసివచ్చింది. ఇప్పుడు ఆ పనిని ఒక సాఫ్ట్‌వేర్ చేస్తోంది. మేము కుర్చీల్లోంచి లేచేలోగా సారాంశం అందరి మెయిల్‌కూ చేరిపోతుంది.

పని భవిష్యత్తు అనగానే ఎన్ని ఉద్యోగాలు పోతాయన్న లెక్కే ముందుకు వస్తుంది. అమెరికాలోని ఉద్యోగాల్లో 47 శాతం యాంత్రీకరణ ముప్పులో ఉన్నాయని 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్బోర్న్ అంచనా వేసిన నాటి నుంచి ఈ లెక్కలకు అంతు లేదు. 2030 నాటికి 9.2 కోట్ల ఉద్యోగాలు పోయి 17 కోట్లు కొత్తగా పుడతాయని ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదికలో పేర్కొంది. ఈ అంకెలను నేను కాదనను గాని, వాటిని చూసి భయపడడమూ సంబరపడడమూ మానేసి చాలా కాలమైంది. ఉద్యోగం ఒక్కసారిగా మాయమవడం అరుదు; అందులోని పనులు ఒక్కొక్కటిగా చేజారుతూ ఉంటాయి. 1967లో లండన్ శివార్లలో మొదటి ఏటీఎం వెలసినప్పుడు బ్యాంకు క్యాషియర్ల పని అయిపోయిందనుకున్నవారు ఉండే ఉంటారు. అమెరికాలో జరిగింది వేరు: ఒక్కో శాఖకు కావలసిన క్యాషియర్లు తగ్గడంతో శాఖ నడిపే ఖర్చు తగ్గింది, బ్యాంకులు మరిన్ని శాఖలు తెరిచాయి, దశాబ్దాల పాటు క్యాషియర్ల మొత్తం సంఖ్య పడిపోలేదు.

కనుక నాకు ముఖ్యమనిపించేది, ముందుగా ఏ పనులు చేజారుతున్నాయన్నది. నా కళ్లముందు చేజారుతున్నవన్నీ కొత్తవారి పనులే: మొదటి చిత్తుప్రతి, అంకెల సరిపోలిక, పాత ఫైళ్లలోంచి సమాచారం ఏరడం, మినిట్స్. ఇవి విసుగు పుట్టించే పనులే, నిజమే. కాని వృత్తిలోకి దిగే మెట్లు కూడా ఇవే.

ఈ విషయంలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఆర్థికవేత్త బ్రిన్యాల్ఫ్‌సన్, ఆయన సహ పరిశోధకులు 2023లో వెలువరించిన అధ్యయనం. ఖాతాదారుల ఫిర్యాదులకు చాట్‌లో జవాబిచ్చే 5 వేల మందికి పైగా ఉద్యోగుల పనిని వారు పరిశీలించారు. ఏమి చెప్పాలో కృత్రిమ మేధ సూచిస్తుంటే, గంటకు పరిష్కరించే సమస్యల సంఖ్య సగటున 14 శాతం పెరిగింది. కొత్తవారిలో, నైపుణ్యం తక్కువున్నవారిలో ఆ పెరుగుదల 34 శాతం. చేయి తిరిగినవారికి కలిగిన ప్రయోజనం స్వల్పం. కొత్తవారికి ఇది మంచి ఊతమే. అయితే ఆ సాధనానికి నేర్పు వచ్చింది చేయి తిరిగినవారి పాత సంభాషణల నుంచే కదా! అంటే సీనియర్ ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ఒడుపు యంత్రం ద్వారా అందరికీ పంచబడుతోంది. దానికి వెల ఎవరు కట్టాలన్నది ఒక చిక్కు. రేపటి సీనియర్లు ఎక్కడి నుంచి వస్తారన్నది అంతకంటే పెద్ద చిక్కు. సూచన తెరపై సిద్ధంగా ఉన్నప్పుడు తానుగా తడుముకునే అవసరం కొత్త ఉద్యోగికి రాదు, తడుముకోకుండా ఒడుపు పట్టుబడదు. హాలీవుడ్ రచయితలు 2023లో 148 రోజుల సమ్మె చేసి, యంత్రం పుట్టించిన రాతను రచనగా పరిగణించకూడదని ఒప్పందంలో రాయించుకోగలిగారు. అంతటి సంఘబలం ఎన్ని వృత్తులకు ఉంది?

ఇంటి నుంచి పనిచేయడాన్ని నేను సమర్థిస్తాను. చైనాకు చెందిన ప్రయాణ బుకింగ్ సంస్థ ట్రిప్‌డాట్‌కామ్‌లో 1,612 మందిపై జరిగిన ప్రయోగంలో, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవారిలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి, పనితీరులో తేడా కనిపించలేదు. అందరినీ ఐదు రోజులూ రప్పించాలనే పట్టుదల వెనుక నాకు అధికార దర్పమే ఎక్కువగా కనిపిస్తుంది. అయినా పక్క కుర్చీలోని సీనియర్ కోపంగా ఉన్న ఖాతాదారును ఫోన్‌లో ఎలా చల్లబరుస్తున్నారో ఊరికే చెవిన పడడం అనేది వీడియో కాల్‌లో జరగదు. దూరంగా ఉన్నప్పుడు నేర్పడానికి ప్రత్యేకంగా సమయం కేటాయించాలి, ఆ సమయం ఎవరి క్యాలెండర్‌లోనూ ఉండదు.

యంత్రం మిగిల్చిన గంటలు ఏమవుతున్నాయో మరి! వందేళ్లలో మనవల తరం వారానికి 15 గంటలు పనిచేస్తే చాలునని ఆర్థికవేత్త కీన్స్ 1930లో ఊహించారు. గడువు ముంచుకొచ్చింది గాని ఆ కబురు నా క్యాలెండర్‌కు అందినట్టు లేదు. బ్రిటన్‌లో 2022లో నాలుగు రోజుల వారాన్ని ప్రయత్నించిన 61 సంస్థల్లో 56 దానిని కొనసాగించాయి, పని వేళల తరువాత ఫోన్ ఎత్తకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2016లోనే చట్టం చేసి 2017 నుంచి అమల్లోకి తెచ్చింది. తక్కినచోట్ల మిగిలిన గంటలోకి మరో సమావేశం వచ్చి కూర్చుంటోంది.

మా బృందంలో మాత్రం ఆ గంటలో కొంత వెనక్కి తీసుకున్నాము. కొత్తగా చేరినవారు సాఫ్ట్‌వేర్ సారాంశం తెరవకముందే తమ మినిట్స్ తాము రాయాలి, ఆ తరువాత రెండింటినీ పక్కపక్కన పెట్టి నాతో కూర్చోవాలి. ఇది కాలయాపన అని నవ్విన సహోద్యోగులున్నారు, మొదటి నెలలో నాకూ అలాగే అనిపించింది. పోయిన నెల ఒక ప్రాజెక్టు గడువు పెంపుపై జరిగిన సమావేశానికి యంత్రం "గడువు పెంపునకు అంగీకారం లభించింది" అని రాసింది. కొత్తగా చేరిన అమ్మాయి "చూద్దాం అన్నారు, నిర్ణయం కాలేదు" అని రాసింది. ఎందుకలా రాశావని అడిగాను.

"ఆయన చూద్దాం అంటూనే ఫైల్ మూసేశారు కదా, సార్" అన్నది.

ఆమె వాక్యాన్నే ఉంచి అందరికీ పంపాము.