విష్ణుస్త్వాఽన్వేతు

తాళి కట్టగానే, తలంబ్రాలు పోయగానే మండపం సగం ఖాళీ. బంధువులు పంక్తికి లేస్తారు. సప్తపదికి మిగిలేది పురోహితుడు, జంట, కెమెరా. తిరుపతిలో ఏ ముహూర్తాల్లో చూసినా ఇదే. పైగా సినిమాల్లో చూసి అగ్ని చుట్టూ ఏడుసార్లు తిప్పి, సప్తపది అయిందంటున్నారు. అది ప్రదక్షిణం, సప్తపది కాదు!

పెళ్ళి తంతు చెప్పే గృహ్యసూత్రాల్లో ఆపస్తంబుడి విధి స్పష్టం. అగ్నికి ఉత్తరాన, కుడికాలు ముందు, తూర్పుకో ఉత్తరానికో ఏడడుగులు. బియ్యపు కుప్పలు పోసే ఆచారముంటే జానెడు ఎడంతో ఏడు పోయండి; వరుడు వంగి వధువు కుడికాలి బొటనవేలు పట్టి ఒక్కొక్క అడుగే వేయించాలి. మొదటి అడుగు మంత్రం 'ఏకమిషే విష్ణుస్త్వాఽన్వేతు' పూర్తిగా పలికాకే రెండోది.

అన్నం, బలం, వ్రతం, సుఖం... ఈ ఏడింటి అర్థం అందరూ చెబుతారు. ప్రతి అడుక్కీ తిరిగొచ్చే 'అన్వేతు' దగ్గర ఎవరూ ఆగరు. అను, ఏతు: విష్ణువు నీ వెంట వచ్చుగాక. స్వామిని చూడడానికి మనం అలిపిరి మెట్లెక్కుతాం. ఈ ఏడడుగుల్లో మాత్రం ఆ స్వామే ఆడపిల్ల వెనకాల నడిచి వస్తాడు. అలాంటి వేళ మనం సాంబారు కోసం లేచిపోతున్నాం తల్లీ!

1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ కూడా, సప్తపది ఉన్న సంప్రదాయాల్లో ఏడో అడుగుతోనే పెళ్ళి పూర్తయి కట్టుబాటు అవుతుందంటుంది. అందులో తాళి ఊసే లేదు. (కాట్పాడి, తిరుత్తణి వైపు సంబంధాలవారికి ఒక మాట: తమిళనాడు చేర్చుకున్న 7ఎ ప్రకారం అక్కడ దండలు, ఉంగరం, తాళిలో ఏదైనా సరిపోతుంది.) పెళ్ళి తంతు జరగకుండా రిజిస్ట్రేషన్ పత్రం ఒక్కటే పెళ్ళి కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. రిజిస్ట్రేషన్ చేయించండి, అది సాక్ష్యం.

చట్టం ఏడో అడుగు దగ్గర ఆగుతుంది. వేదం అక్కడే నోరు విప్పుతుంది: 'సఖా సప్తపదా భవ'. భార్యవు కమ్మని కాదు, నెచ్చెలివి కమ్మని. 'సఖ్యాత్తే మా యోషం', నీ స్నేహానికి నేను దూరం కాకూడదు. వరుడు ఈ మాట తన నోటితో అనాలి, అర్థం తెలిసి అనాలి.

కాబట్టి మండపం మాట్లాడుకునేటప్పుడే హోమగుండానికి ఉత్తరాన ఆరడుగుల చోటు వదిలించండి, అక్కడ సోఫా వేయనివ్వకండి. వడ్డన పది నిమిషాలు ఆపండి.