121వ ఓటమి కోసం చికాగో నుంచి డెట్రాయిట్ దాకా

2024 సెప్టెంబర్ 24, మంగళవారం సాయంత్రం. చికాగో డౌన్‌టౌన్‌లో రెడ్ లైన్ రైలెక్కేముందు బోర్డు చూసుకోవాలి. "95వ వీధి" అని ఉంటే దక్షిణానికి పోతుంది, వైట్ సాక్స్ అనే బేస్‌బాల్ జట్టు మైదానం అటే. "హవర్డ్" అని ఉన్నది ఎక్కితే ఉత్తరాన కబ్స్ వాళ్ల రిగ్లీ ఫీల్డ్ దగ్గర తేలతారు. ఊరికి రెండు జట్లు, రెంటికీ ఒకటే రైలు. అప్పట్లో టికెట్ రెండున్నర డాలర్లు. ఓహేర్ విమానాశ్రయం నుంచి నేరుగా వచ్చేవాళ్లు అక్కడ 5 డాలర్లు కట్టి బ్లూ లైన్ ఎక్కి, జాక్సన్‌లో దిగి, పైకి రాకుండానే భూగర్భ దారిలో రెడ్ లైన్‌కి మారొచ్చు.

ఆ సాయంత్రానికి ఆ సీజన్‌లో వైట్ సాక్స్ లెక్క 36 గెలుపులు, 120 ఓటములు. 1962లో కొత్తగా పుట్టిన న్యూయార్క్ మెట్స్ కూడా సరిగ్గా 120 ఓడారు. ఆధునిక బేస్‌బాల్ మొదలుగా లెక్కపెట్టే 1901 తర్వాత, ఒక సీజన్‌లో అంతకు మించి ఓడిన జట్టు లేదు. ఇంకొక్కటి ఓడితే రికార్డు వీళ్లొక్కళ్లదే అవుతుంది. ఆ ఒక్కటి చూద్దామనే మా ప్రయాణం.

సాక్స్-35వ వీధి స్టేషన్ డాన్ ర్యాన్ ఎక్స్‌ప్రెస్‌వే నడిమధ్యన ఉంటుంది, రెండు పక్కలా కార్లే. మెట్లెక్కి వంతెన మీదికొస్తే పడమటి వైపు మైదానం, తూర్పున ఇల్లినాయిస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. ఎమ్మెస్‌కని వచ్చే మన పిల్లలు అక్కడ చాలామందే ఉంటారు. ఆట చూడనివాళ్లకి కూడా మైదానంలో పేలే బాణసంచా వినిపిస్తూనే ఉంటుంది. వైట్ సాక్స్ ఆటగాడు హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది, కొట్టినప్పుడల్లా స్కోరుబోర్డు మీద రంగుల చక్రాలు తిరిగి టపాసులు పేలతాయి. 1960లో బిల్ వీక్ అనే యజమాని పెట్టిన ఆనవాయితీ ఇది. 2024లో ఆ పిల్లల చదువుకి పెద్దగా భంగం కలగలేదనుకోవాలి. సీజన్ మొత్తం మీద, పరాయి ఊళ్లలో కొట్టినవి కూడా కలిపి, జట్టు హోమ్ రన్లు 133.

గేటులోకి వెళ్లేముందు 35వ వీధి దాటి ఉత్తరపు పార్కింగ్‌లోకి ఒకసారి వెళ్లాలి. 1910 నుంచి 1990 దాకా పాత కమిస్కీ పార్క్ ఉన్న చోటు అది. దాన్ని కూలగొట్టి కార్లు నిలిపే స్థలం చేశారు. కాలిబాట పక్కన నేలలో పొదిగిన అయిదు మూలల పాలరాతి పలక ఒకటుంది, బ్యాటర్ నిలబడే పాత హోమ్ ప్లేట్ సరిగ్గా అక్కడే ఉండేది. దాని నుంచి ఆట హద్దులు చూపే రెండు తెల్లటి ఫౌల్ లైన్లు తారు మీదుగా, నిలిపిన కార్ల కిందుగా సాగిపోతాయి. 1919లో ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్‌లో డబ్బుకు అమ్ముడుపోయారని ఎనిమిది మందిని జీవితాంతం వెలివేసింది ఈ జట్టులోంచే. వాళ్లు ఓడినందుకు కనీసం డబ్బు ముట్టింది.

క్రికెట్ కళ్లతో చూసేవాళ్లకి 120 ఓటములంటే ఏమిటో అంత తేలిగ్గా పట్టుబడదు. 2008 ఐపీఎల్‌లో మన డెక్కన్ చార్జర్స్ 14 ఆడి రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. శాతం ప్రకారం అది వైట్ సాక్స్ కన్నా అధ్వాన్నం. మరుసటి ఏడాదే కప్పు కొట్టింది. పద్నాలుగు ఆటల్లో అదృష్టం అటైనా ఇటైనా తిప్పేస్తుంది. బేస్‌బాల్‌లో సీజన్‌కి 162 ఆటలు, ఆరు నెలలు, దాదాపు రోజూ ఆటే. వంద గెలిచిన గొప్ప జట్టు కూడా 62 ఓడుతుంది. అన్ని ఆటల్లో అదృష్టం ఏ ఒక్కరి పక్షానా నిలవదు కాబట్టే నాలుగింట మూడు ఓడడమన్నది అంత అరుదు.

వైట్ సాక్స్ ఎలా ఓడారో పరుగుల లెక్కలో దొరుకుతుంది. సీజన్ మొత్తానికి చేసినవి 507, ఇచ్చినవి 813. అంటే రోజూ మూడు చేసి అయిదు ఇచ్చారు. పదీ పదిహేను తేడాతో చిత్తయిన రోజులు లేకపోలేదు గానీ, ఎక్కువ రోజులు రెండో మూడో పరుగుల దూరంలో ఆగిపోయారు. అందుకని ఏ ఒక్క ఆట చూసినా వీళ్లంత చెడ్డవాళ్లని అనిపించదు.

పిచ్చింగ్, అంటే మన బౌలింగ్ లాంటిది, దాని సంగతి తీసుకోండి. జట్టులో నిఖార్సయిన పిచ్చర్ గ్యారెట్ క్రోషే. 2022లో మోచేతికి శస్త్రచికిత్స అయ్యింది. 2023లో మొత్తం 13 ఇన్నింగ్స్ కూడా వేయలేదు, ముగ్గురిని ఔట్ చేస్తే ఇక్కడ ఒక ఇన్నింగ్స్. 2024లో ఒక్కసారిగా 146 వేసి 209 మందిని బంతి ఆడనివ్వకుండానే ఔట్ (స్ట్రైకౌట్) చేశాడు. చెయ్యి కాపాడుకోవాలి కాబట్టి జూలై నుంచి అతన్ని నాలుగు ఇన్నింగ్స్‌కి మించి వేయనివ్వలేదు. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. మిగతా అయిదూ బుల్‌పెన్ మోయాలి, అంటే మధ్యలో వచ్చే రిలీఫ్ పిచ్చర్లు. ఇవాళ నలుగురిని వాడేస్తే రేపు వాళ్ల చేతులకు విశ్రాంతి కావాలి. రేపటి ఆట ఇవాళే సగం పోయినట్టు. పైగా జూలై 29న ఎరిక్ ఫెడ్డీ, మైకేల్ కోపెక్, టామీ ఫామ్ ముగ్గురినీ ఒకే బేరంలో వేరే జట్లకు వదిలేశారు, మర్నాడు ఎలోయ్ హిమెనెజ్‌ని పంపేశారు. పిచ్చర్ డిలన్ సీస్‌నైతే సీజన్ మొదలవకముందే ఇచ్చేశారు.

బేరాలతో పోయినవి కొన్నయితే మే 23న బాల్టిమోర్ మీద ఓడింది మరో రకం. తొమ్మిదో ఇన్నింగ్స్, 8-6 వెనకబాటు, ఒక ఔట్, పరుగు కోసం దాటాల్సిన బేసుల్లో మొదటిదాని మీదా రెండోదాని మీదా వైట్ సాక్స్ మనుషులు. బ్యాటర్ బంతిని ఇన్‌ఫీల్డ్ (బేసుల చుట్టూ ఉన్న చోటు) మీదే ఎత్తుగా లేపాడు. ఇలాంటప్పుడు ఫీల్డర్ కావాలని వదిలేసి ఇద్దరిని ఔట్ చేయకుండా అంపైర్ ముందే బ్యాటర్‌ని ఔట్ ప్రకటిస్తాడు, దాన్ని ఇన్‌ఫీల్డ్ ఫ్లై అంటారు. క్యాచ్ పట్టినా పట్టకపోయినా ఒకటే. రెండో బేస్ మీద ఉన్న ఆండ్రూ వాన్ వెనక్కి వస్తూ షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేసుల మధ్య కాచే ఫీల్డర్) దారికి అడ్డమొచ్చాడని అంపైర్ అతన్నీ ఔటిచ్చాడు. క్యాచ్ పడనే పడింది. ఒక్క బంతికి ఇద్దరు, ఆట సరి. అప్పుడు నడుస్తున్న వరస 14 ఓటముల దగ్గర ఆగింది. ఆ తర్వాతి వరస 21, జూలై 10 నుంచి ఆగస్టు 5 దాకా. ఆ వరస తెగిన రెండు రోజులకే మేనేజర్ (ఇక్కడ హెడ్ కోచ్ లాంటివాడు) పెడ్రో గ్రిఫోల్‌ని తీసేసి గ్రేడీ సైజ్‌మోర్‌కి తాత్కాలికంగా అప్పగించారు.

లోపల పై అంతస్తు చాలా నిటారుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది వరసలే తీసుకోవాలి. 1991లో కట్టినప్పుడు ఇంకా ఎత్తుండేది, తర్వాత పై నుంచి ఎనిమిది వరసలు కోసేశారు. టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి ఛార్జింగ్ చూసుకోవాలి. సెప్టెంబర్ చివర రాత్రి చలి, స్వెటర్ తప్పనిసరి. తిండికి ఎలోటే బండి వెతకండి. కంకి నుంచి వొలిచిన మొక్కజొన్న గింజల్ని పెనం మీద వెన్నతో వేడిచేసి, కప్పులో పోసి, మయోనైజ్, చీజ్, కారం, నిమ్మరసం కలిపిస్తారు. మన బండి మీది పొత్తుకు పట్నవాసం అబ్బినట్టుంటుంది. గుడ్డు తిననివాళ్లు మయోనైజ్ వద్దని ముందే చెప్పాలి, కలిపాక లాభం లేదు.

ఆ రాత్రి ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ 2-0తో ముందున్నారు. వాళ్లూ ఆ ఏడాది 99 ఓడినవాళ్లే. జనం "సెల్ ద టీమ్" (జట్టుని అమ్మేయ్) అని లయగా అరుస్తున్నారు, 1981 నుంచి యజమానిగా ఉన్న జెర్రీ రైన్స్‌డార్ఫ్ మీద కోపం అది. ఈ జట్టు చరిత్రలో ఆటగాడికిచ్చిన అతి పెద్ద ఒప్పందం ఆండ్రూ బెనింటెండీకి అయిదేళ్లకు 7.5 కోట్ల డాలర్లు. జపాన్ స్టార్ షోహే ఒటానీకి లాస్ ఏంజెలెస్‌లోని ఇంకో జట్టు డాడ్జర్స్ రాసిచ్చింది 70 కోట్లు. అరుపుల్లో న్యాయం ఉంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వైట్ సాక్స్ మూడు పరుగులు చేసి 3-2తో గెలిచారు. రికార్డు చూద్దామని టికెట్ కొన్నవాళ్లకి చప్పట్లు కొట్టాలో వద్దో తేల్చుకోవడానికి కాసేపు పట్టింది. బుధవారం తొమ్మిదింటికి సమమై, అదనంగా ఆడిన పదో ఇన్నింగ్స్‌లో 4-3. గురువారం 7-0. నెలకు సగటున ఏడు గెలిచిన జట్టు మేం కూర్చున్న మూడు రోజులూ గెలిచింది.

తర్వాతి మూడు ఆటలూ డెట్రాయిట్‌లో. శుక్రవారం పొద్దున యూనియన్ స్టేషన్ నుంచి వుల్వరిన్ రైలు, అయిదున్నర గంటల దారి. ఇండియానాలో గూడ్స్ బళ్ల పట్టాల మీద నడవాలి కాబట్టి అక్కడే ఆలస్యాలు. పోర్టర్ దాటాక సొంత పట్టా, గంటకు 177 కిలోమీటర్లు అందుకుంటుంది. గడియారం ఒక గంట ముందుకు తిప్పుకోవడం మరిచిపోతే మొదటి ఇన్నింగ్స్ దక్కదు. దిగాక వుడ్‌వర్డ్ అవెన్యూ మీద క్యూలైన్ ట్రామ్ ఉచితం, డెట్రాయిట్ జట్టు మైదానం కొమెరికా పార్క్ పక్కనే దింపుతుంది.

రైల్లో ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంతలా ఓడితే వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునేటప్పుడు, మొదటి కుర్రాడు వీళ్లకే కదా? కాదు. కావాలని ఓడకుండా, యజమానులకీ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2022 ఒప్పందంలో మొదటి వంతులకి లాటరీ పెట్టారు, వరసగా ఎన్నిసార్లు లాటరీలో నిలవొచ్చో హద్దు కూడా పెట్టారు. 2023లో 101 ఓడి, ఆ లాటరీలో అయిదో స్థానం తెచ్చుకున్న వైట్ సాక్స్‌కి ఈసారి అర్హత లేదు. 2025లో పదో స్థానం కన్నా ముందుకు రాలేరు. ఓటమికి కూలి కూడా గిట్టలేదన్నమాట.

సెప్టెంబర్ 27 రాత్రి డెట్రాయిట్ టైగర్స్ 4-1తో గెలిచారు. అదే 121వ ఓటమి. కానీ కొమెరికా పార్క్‌లో దాన్ని లెక్కపెట్టే తీరిక ఎవరికీ లేదు. ఆ గెలుపుతో టైగర్స్ 2014 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి చేరారు. జనం సీట్ల మీదికెక్కి కేకలు, మైదానం మధ్యలో ఆటగాళ్ల కౌగిలింతలు. వైట్ సాక్స్ ఆటగాళ్లు బ్యాట్లు, గ్లవ్స్ సర్దుకుని డగౌట్ మెట్లు దిగి లోపలికి పోయారు. బయట ట్రామ్‌లో నిలబడే చోటు లేదు, ఎవరి నోటా చికాగో పేరు వినపడలేదు.

శనివారం వైట్ సాక్స్ 4-0తో గెలిచారు. ఆదివారం తిరుగు రైల్లో ఫోన్ తీస్తే 9-5, మళ్లీ గెలుపే. చివరి ఆరింట్లో అయిదు గెలిచి, 41-121 దగ్గర సీజన్ ముగిసింది.