తుంటి అతికింది, నడక రావాలి

తుంటి ఎముక విరిగే నాటికి నాకు 72 ఏళ్లు. తడి నేల మీద కాలు జారి పక్కకు పడ్డాను. నిలబడిన ఎత్తు నుంచి పడినంత మాత్రాన తుంటి విరిగిందంటే ఎముక అప్పటికే గుల్లబారిందని అర్థమని డాక్టరు చెప్పారు. ఎముకలు బోలుగా మారే వ్యాధికి నొప్పి ఉండదు, విరిగేదాకా తెలియదు. నా ఎముకల సాంద్రతను అంతకు ముందు ఎవరూ పరీక్షించలేదు.

ఆపరేషన్ ఆలస్యం చేయలేదు. మర్నాడే మంచం దింపి వాకర్ పట్టించి నిలబెట్టారు. ఆ నొప్పికి కళ్ల వెంట నీళ్లు కారాయి. అయినా ఆ తొందర అవసరమే. పెద్ద వయసువాళ్లు మంచాన పడితే ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, వీపు మీద పుండ్లు కాచుకుని ఉంటాయి. ఆ రాత్రే నాకు మతి తప్పింది. గదిలో ఎవరో తిరుగుతున్నారని అరిచానట, ఎప్పుడో పోయిన మా అమ్మను పిలిచానట. మా ఆయన బెదిరిపోయారు. దీన్ని డెలీరియం అంటారని, ఆపరేషన్ తర్వాత వృద్ధుల్లో తరచుగా వస్తుందని, చాలామందిలో తగ్గిపోతుందని నర్సు వివరించింది. నా కళ్లజోడు పెట్టించి, కిటికీ తెర తీసి, తెలిసిన మనిషి పక్కనే ఉండాలని చెప్పింది. ముందే ఆ రెండు మాటలు చెప్పి ఉంటే ఆయన ఆ రాత్రంతా అంత భయంతో గడిపేవారు కాదు.

అసలు జబ్బు ఇంటికి వచ్చాక మొదలైంది. ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో మందుల పేర్లు, కుట్లు విప్పే తేదీ ఉన్నాయి. చివర్న ‘ఫిజియోథెరపీ కొనసాగించాలి’ అని ఒక్క వాక్యం. ఎవరు చేయిస్తారు? మెట్లు దిగలేని నేను అక్కడికి ఎలా వెళ్లాలి? ఆ వాక్యంలో అవేవీ లేవు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను 10 రోజులు మంచంలోనే ఉంచి చేసిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. వాళ్ల కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. ఏ గాయమూ లేనివాళ్ల సంగతి అది! నా తొడ ఎంత సన్నబడిందో నా చేతికే తెలుస్తుండేది. నన్ను లేపేది, కూర్చోబెట్టేది, స్నానం చేయించేది అన్నీ మా ఆయనే. ఆయన నాకన్నా పెద్దవారు, నడుం నొప్పి మనిషి.

అప్పుడే ప్రయోగాత్మకంగా నడుస్తున్న ఒక ప్రభుత్వ కార్యక్రమం కింద ఒక ఫిజియోథెరపిస్టు ఇంటికి రావడం మొదలుపెట్టింది. వచ్చిన రోజు నన్ను ముట్టుకోలేదు, ముందు ఇల్లు చూసింది. స్నానాల గది గడప ఎత్తు కొలిచింది. గోడకు పట్టుకునే కడ్డీ ఎక్కడ బిగించాలో నా చెయ్యి అందే చోట పెన్సిల్‌తో గీత గీసింది. కాలికి తగిలే పట్టా తీయించింది, రాత్రి దీపం పెట్టించింది. ఆ తర్వాత కుర్చీ. “ముందుకు జరగండి, పాదాలు వెనక్కి లాగండి, ముక్కు మోకాళ్ల మీదికి వచ్చేలా వంగి అప్పుడు లేవండి అమ్మా” అనేది. చేతుల ఊతం లేకుండా లేచిన రోజున మా ఆయన చప్పట్లు కొట్టారు.

ఆర్థిక సంవత్సరం చివర్లో ఆ కార్యక్రమం ఆగిపోతుందని ఆమే చెప్పింది. పద్దు పొడిగించలేదు. నాలాంటి వాళ్లు ఆమె చేతి కింద ఇంకా చాలామంది ఉన్నారు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే వాకర్ పట్టుకుని మా శాసనసభ్యుడి కార్యాలయానికి వెళ్లాను.

ఏటా ప్రపంచంలో సుమారు 6,84,000 మంది కింద పడి చనిపోతున్నారని, వారిలో 60 దాటినవారే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు చెప్పాను. 2021 నుంచి 2030 వరకు ఆరోగ్యకర వృద్ధాప్య దశాబ్దంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించిందని గుర్తు చేశాను. ఆయన మర్యాదగా తల ఊపారు. “ఆపరేషన్‌కు పథకం ఉంది కదమ్మా, ఇంకేం కావాలి?” అన్నారు. అప్పుడు ఆయన్ను చేతులు గుండె మీద కట్టుకుని, తన మెత్తటి సోఫాలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమన్నాను. కాళ్ల బలాన్ని అంచనా వేయడానికి నిజంగా వాడే పరీక్ష అది. మూడోసారికే ఆయన చెయ్యి సోఫా అంచు మీదికి వెళ్లింది. నవ్వలేదు. “ఈ పద్దు ఏ శాఖ కింద వస్తుంది?” అని తన కార్యదర్శిని పిలిచి అడిగారు.

ఆ కార్యదర్శి దగ్గరే నేను ఎక్కువ నేర్చుకున్నాను. బడ్జెట్ ప్రవేశపెట్టాక వచ్చే వినతిపత్రం ఫైల్లో ఉండిపోతుందని, శాఖలు ప్రతిపాదనలు రాసుకునే నెలల్లోనే రావాలని ఆయన చెప్పారు. పింఛన్లు, బస్సులు, ఆసుపత్రులు అన్నీ ఒకే కాగితంలో అడిగితే ఏదీ కదలదన్నారు. అందుకే నేనూ, నాలాంటి మరికొన్ని కుటుంబాలవాళ్లూ కలిసి ఒక్కటే అడిగాం: తుంటి విరిగినవాళ్లకు ఇంటికి వచ్చి చేసే ఫిజియోథెరపీ ఆగకూడదు. శాఖల పద్దులను పరిశీలించే శాసనసభ్యుల స్థాయీ సంఘం ముందు నాకు మాట్లాడటానికి కొద్ది నిమిషాలే దొరికాయి. నా కథ సగం వరకే చెప్పి, మిగతా సమయం ఇంకా మంచం దిగలేని ఒకావిడ కూతురికి ఇచ్చాను. ఆమె ఉద్యోగం మానేసి తల్లిని చూసుకుంటోంది. సభ్యులు నోట్సు రాసుకున్నది ఆమె మాట్లాడినప్పుడే.

కార్యక్రమాన్ని ఇంకో ఏడాదికి పొడిగించారు. ఏడాదికి మించి హామీ లేదు కాబట్టి తిరగడం ఆపలేదు. ఇప్పుడు నేను చేతికర్రతో నడుస్తున్నాను, ఎముకల మందు వేసుకుంటున్నాను. ఒకసారి ఎముక విరిగినవాళ్లకు మరొకటి విరిగే ప్రమాదం ఎక్కువ కాబట్టి కుర్చీ వ్యాయామం మానలేదు. వచ్చే బడ్జెట్‌కు ముందు మేం అడగబోయేది ఇంట్లో వృద్ధులను చూసుకునేవాళ్ల గురించి: వారానికి కొన్ని గంటలైనా వాళ్ల స్థానంలో శిక్షణ పొందిన మనిషిని పంపాలి. ఈసారి సంఘం ముందు మాట్లాడేది మా ఆయన. కాగితం ఆయనే రాసుకుంటున్నారు, ఒక్క పేజీకి కుదించమని నేను చెబుతున్నాను.