ఏడేళ్ల దాకా దేవుడి బిడ్డే

ఏడేళ్లు నిండేదాకా బిడ్డ దేవుడి మనిషే అని జపాన్‌లో ఒక నానుడి ఉంది. మొదట విన్నప్పుడు ముద్దుగా అనిపించింది. తర్వాత దాని వెనకున్న దిగులు అర్థమైంది. మశూచి, తట్టు లాంటి జబ్బులతో ఆ రోజుల్లో ఎందరో పసివాళ్లు ఆ వయసు దాటేవాళ్లు కాదు. ఇచ్చిన దేవుడు ఎప్పుడు వెనక్కి పిలుస్తాడోనని తల్లి గుండెలో భయం ఉండేది.

జపాన్ సంప్రదాయ మతమైన షింటో గుడుల్లో జరిగే షిచి-గో-సాన్ వేడుకను నేను ఆ తల్లి వైపు నుంచే చూస్తాను. ఆ మాటకు ఏడు-ఐదు-మూడు అని అర్థం. నవంబరు 15న, లేదా ఆ దగ్గర్లో వచ్చే సెలవు రోజున, మూడేళ్ల, ఏడేళ్ల ఆడపిల్లలకూ ఐదేళ్ల మగపిల్లలకూ కిమోనోలు కట్టి గుడికి తీసుకెళ్తారు. కొన్నిచోట్ల మూడేళ్ల మగపిల్లలకూ చేస్తారు.

పూర్వం పసితనంలో తల గొరిగి, మూడో ఏట జుట్టు పెంచడం మొదలుపెట్టేవాళ్లట. ఇది చదివి ఆగిపోయాను. మనం పుట్టువెంట్రుకలు తీయించి మొక్కు తీర్చుకుంటాం, వాళ్లు జుట్టు పెంచడాన్నే పండగ చేసుకున్నారు. ఐదో ఏట మగపిల్లాడు కిమోనో మీద కట్టే కుచ్చిళ్ల బట్ట హకామాను మొదటిసారి కట్టేవాడు. ఏడో ఏట ఆడపిల్లకు కిమోనో మీద నాడాలకు బదులు పెద్దవాళ్లు కట్టే వెడల్పాటి నడికట్టు, ఓబీ, కట్టేవాళ్లు.

ఆ రోజు పిల్లల చేతికి చితోసె-అమె అనే మిఠాయి ఇస్తారు. ఎరుపు, తెలుపు రంగుల్లో సన్నగా, పొడుగ్గా ఉంటుంది. చితోసె అంటే వెయ్యేళ్లు. సంచి మీద కొంగ, తాబేలు బొమ్మలుంటాయి, రెండూ దీర్ఘాయుష్షుకు గుర్తులు. మనం "శతమానం భవతి" అని అక్షింతలు వేస్తాం, వాళ్లు ఆ దీవెనను పిల్లలు చప్పరించేలా చేసి చేతికిచ్చారు.

నిజానికి బిడ్డకు ఆ గుడి కొత్త కాదు. పుట్టిన నెలకే ఒకసారి తీసుకొచ్చి ఉంటారు. తల్లికి ఇంకా పురుడు తీరలేదని, ఆనవాయితీగా నాన్నమ్మే బిడ్డను ఎత్తుకునేది. పూజారి "నోరితో" అనే షింటో ప్రార్థన చదువుతూ, బిడ్డ పేరు దేవుడికి వినిపిస్తాడు. ఏళ్లు గడిచాక అదే పిల్ల తన కాళ్లతో మెట్లెక్కి వచ్చి, తల వంచి కూర్చుంటుంది. తెల్ల కాగితాలు కట్టిన కర్రను పూజారి ఆమె తల మీదుగా ఊపుతాడు. మళ్లీ ఆ పేరే చదువుతాడు.