నా పేరున్న ఊరికి

నా పేరులో నాగూర్ ఉంది. మాది ప్రకాశం జిల్లాలో సముద్రానికి దగ్గరి పల్లె. మా వైపు నాగూర్ బాబు, నాగూర్ మీరా, ఖాదర్ వలీ అని పిలిస్తే ఏదో ఒక ఇంట్లోంచి పలుకుతారు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, మా ఇంటిలాగే. నాకు ముందు పుట్టిన ఇద్దరూ అమ్మకు దక్కలేదు. నేను కడుపులో ఉన్నప్పుడు "బిడ్డ నిలిస్తే నీ పేరే పెట్టుకుంటాను, నీ గుమ్మానికి తీసుకొస్తాను" అని నాగూరు స్వామికి మొక్కుకుంది. పేరు పెట్టింది. ప్రయాణం మాత్రం 41 ఏళ్లు ఆగిపోయింది. ఈసారి చలికాలం రాగానే "కాళ్లు ఆడుతుండగానే మొక్కు తీర్చుకోవాలి నాయనా" అంది. ఇక వాయిదా వేయలేకపోయాను.

చెన్నై ఎగ్మోరులో రాత్రి రైలెక్కి తెల్లవారి నాగూరులో దిగాం. తమిళనాడు తీరంలో నాగపట్నానికి ఉత్తరాన 5 కిలోమీటర్ల దూరంలో ఉందీ ఊరు. సందు మలుపు తిరగగానే దర్గా మినార్లు కనిపించాయి. మొత్తం అయిదు. అన్నిటికంటే ఎత్తయినది 131 అడుగులు. దాన్ని కట్టించినది తంజావూరు మరాఠా రాజు ప్రతాప్ సింగ్, 18వ శతాబ్దంలో. ఒక హిందూ రాజు ఒక సూఫీ గురువు సమాధి ముందు అంత ఎత్తున భక్తిని నిలబెట్టాడని తెలిసి తలెత్తి చూస్తుంటే నాకు గొంతు పట్టుకుపోయింది.

ఆ గురువు షాహుల్ హమీద్. ఉత్తరప్రదేశ్‌లోని మాణిక్‌పూర్‌లో పుట్టి, దేశాలు తిరిగి, 16వ శతాబ్దంలో ఈ తీరానికి వచ్చి స్థిరపడ్డారు. ఖాదర్ వలీ అన్నా, మీరా సాహెబ్ అన్నా, అమ్మ మొక్కిన నాగూరు స్వామి అన్నా ఆయనే. అప్పట్లో తంజావూరును ఏలుతున్నది నాయక రాజులు, తెలుగు మాట్లాడే ఇంటివాళ్లు. రాజు అచ్యుతప్ప నాయకుడికి అంతుబట్టని జబ్బు చేసిందట. ఎవరో చేతబడి చేసి, ఒళ్లంతా సూదులు గుచ్చిన పావురాన్ని కోటలో దాచారట. షాహుల్ హమీద్ ఆ పావురాన్ని వెతికి తెప్పించి సూదులు ఒక్కొక్కటే తీస్తుంటే రాజు బాధ తగ్గుతూ వచ్చిందని చెబుతారు. దర్గాకు నేల ఆ రాజు ఇచ్చినదే. మా అమ్మ నోట తెలుగులో పలికిన మొక్కుకూ, ఆ తెలుగు రాజు కథకూ నడుమ ఏదో చుట్టరికం ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కథ తెలియకముందే అమ్మ పావురాన్ని కొంది. ఇక్కడ మొక్కున్నవాళ్లు పావురాన్ని వదులుతారు. రెండు చేతుల మధ్య పట్టుకుని ఆమె కాసేపు కదలలేదు. "గుండె ఎంత గబగబా కొట్టుకుంటోందో చూడు" అని నా వేళ్లు దాని పొట్ట కింద పెట్టింది. వెచ్చగా ఉంది, సన్నగా వణుకుతోంది. వదలగానే నేరుగా పైకి లేచి మినారు గూటిలో వాలింది.

వాకిట్లోని దుకాణాల్లో రేకు బొమ్మలు అమ్ముతారు. చెయ్యి, కాలు, కళ్లు, ఇల్లు, పడవ: ఎవరి కష్టం ఏదో ఆ బొమ్మ. అమ్మ అరచేయంత పసిబిడ్డ బొమ్మను తీసుకుని కొంగుతో రెండుసార్లు తుడిచింది. లోపల సమాధి గుమ్మం దగ్గర నెమలి ఈకల కట్టతో మా ఇద్దరి తలలు నిమిరి, ఫాతిహా ప్రార్థన చదివి, పంచదార చేతిలో పెట్టారు. "ఇదిగో, తీసుకొచ్చాను" అంది అమ్మ, ఎదురుగా మనిషి కూర్చుని ఉన్నట్టు.

పడవ బొమ్మలు ఎందుకో ఊరి చరిత్రే చెబుతుంది. తుపానులో చిల్లు పడిన ఓడకు షాహుల్ హమీద్ తన చేతి అద్దం విసిరి ఆ చిల్లు పూడ్చారని నావికుల నమ్మకం. ఉరుసుకు నాగపట్నం నుంచి జెండాలు వచ్చేది ఓడ ఆకారపు బండ్ల మీదే. పద్నాలుగు రోజుల ఆ ఉత్సవంలో పదో రాత్రి గంధం సమర్పిస్తారు. ఇక్కడి నుంచి వర్తకానికి వెళ్లిన ముస్లింలు సముద్రం దాటాక కూడా ఆయన్ను మరవలేదు. పెనాంగ్‌లో ఒకటి, సింగపూర్‌లో 1828-30 మధ్య మరొకటి, ఆయన పేరున దర్గాలు కట్టుకున్నారు. వాటిలో సమాధి లేదు, తలచుకోవడమే ఉంది.

సాయంత్రం సముద్రం ఒడ్డున ఉన్న సిల్లడికి వెళ్లాం. షాహుల్ హమీద్ ఏకాంతంగా ప్రార్థించిన చోటని అక్కడ కూడా ఆగి దువా చేస్తారు. దర్గా సందడి తరువాత అక్కడి గాలి మనసును పట్టేసింది. 2004 డిసెంబరు 26న ఇదే సముద్రం లేచి వచ్చి నాగపట్నం జిల్లాలో ఆరువేల మందికి పైగా ప్రాణాలు తీసుకుంది. ఆ మాట చెబితే అమ్మ అలల వైపు చూసి చేతులు జోడించింది. ఎవరికోసమని నేను అడగలేదు.

రాత్రి గదిలో పంచదారను చిన్న చిన్న కాగితపు పొట్లాలు కట్టసాగింది. ఎవరికని అడిగితే వేళ్లు మడుస్తూ మా వీధి ఇళ్లన్నీ వరసగా చెప్పింది. చివరి ఇల్లు అయ్యాక, మిగిలిన రెండు పొట్లాలను విడిగా తన చీర మడతలో దాచుకుంది.